నడివీధిలో మడత స్టూలు

ఎన్నికల ఫలితాలు వచ్చిన మర్నాడు పొద్దున్నే నాకు ఢిల్లీ నుంచి మేడమ్ ఫోన్ వచ్చేది. ఎవరు గెలిచారని ఆవిడ ఒక్కసారీ అడగలేదు. అది టీవీలో చూసుకునేవారు. "ఓడిపోయినాయన రాత్రి ఎక్కడ పడుకున్నాడయ్యా?" అని అడిగేవారు. నేను వాకబు చేసి చెప్పేదాకా మా ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి ఉండేది కాదు. కాసేపాగి మళ్ళీ మోగేది. "ఎవడెక్కడ పడుకుంటే మీ మేడమ్‌కి ఎందుకండీ!" అని మా ఆవిడ విసుక్కునేది.

ఇక ఆ ఫోన్ రాదు. మొన్న మా కాలేజీలో పరీక్ష డ్యూటీలో ఉండగా, ఆవిడ దగ్గర చదువుకున్న ఒకమ్మాయి మెసేజ్ పెట్టింది. చదివి ఫోన్ జేబులో పెట్టుకున్నాను. ఎదురుగా ఒకడు చొక్కా చేతిలో చీటీ పెట్టుకుని రాస్తున్నాడు. మామూలుగా అయితే వాడి పని అయిపోయేది. ఆ పూట వాణ్ణి అలాగే చూస్తూ నిలబడ్డాను. సాయంత్రం ఇంటికి వెళ్ళేముందు కారు డిక్కీ తెరిచి చూశాను. ఆవిడ మడత స్టూలు స్టెప్నీ పక్కన అట్లాగే ఉంది.

నేను నరసరావుపేటలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెబుతాను. ఆవిడ ఆ శాస్త్రంలో పెద్ద ప్రొఫెసర్. పుట్టింది గురజాల పక్క పల్లెలో. చదువూ ఉద్యోగమూ ఢిల్లీలో. శ్రీలంక, నేపాల్, బంగ్లాదేశ్ పల్లెలు తిరిగి పుస్తకాలు రాశారు. ఆ పుస్తకాలు చదివినవాళ్ళు ఆవిణ్ణి చూస్తే నమ్మేవారు కారు. ముతక నేత చీర, మడమలు అరిగిన చెప్పులు, చేతిలో కాగితం పొట్లంలో వేరుశెనక్కాయలు. అన్ని దేశాలు తిరిగినా మాటలో యాస పోలేదు. "ఏందయ్యా" అంటే ఢిల్లీ ప్రొఫెసర్ అన్నట్టు ఉండేది కాదు, మా మేనత్త అన్నట్టు ఉండేది.

పల్నాడు మీద రాయాలని ఆవిడ ఏటా వచ్చేవారు. తిప్పడానికి కారున్న మనిషి కావాలి, శాస్త్రం కొంచెం తెలిసినవాడైతే మరీ మంచిది. అలా నేను దొరికాను. మొదటిరోజే చెప్పేశాను, మా బాబాయి ఒక పార్టీలో తిరుగుతాడనీ, నన్ను వెంటబెట్టుకుంటే మీకు ఇబ్బందేమోననీ. "నీ పార్టీ ఏందో అందరికీ తెలుసు గదా, ఇంక భయమేంది? తెలియనోణ్ణి చూస్తేనే ఊళ్ళో బెదురు" అన్నారు.

మాచర్ల వైపు ఒక ఊరు ఆవిడకి ముఖ్యం. దాని పేరు ఆవిడ ఏ పుస్తకంలోనూ రాయలేదు కాబట్టి నేనూ రాయను. ఆ ఊరికి ఒకటే పెద్ద వీధి. వీధికి ఇటు ఒక టీ హోటలు, అటు ఒక టీ హోటలు. ఇటు పార్టీ వాళ్ళు ఇటు తాగుతారు, అటు పార్టీ వాళ్ళు అటు. మంచినీళ్ళ ప్లాంటు కూడా రెండు. ఆవిడతో మొదటిసారి వెళ్ళినప్పుడు ఎండలో వచ్చిన అలసటకి దగ్గర్లో ఉన్న బెంచీ మీద కూలబడ్డాను. కూర్చున్నానో లేదో చేయి పట్టుకు లాగారు.

"లే! లేవయ్యా! ఎవురి బెంచీ అది?"

"హోటలు బెంచీ మేడమ్."

"ఏ హోటలు?"

అప్పటికే ఎదురు హోటల్లోవాళ్ళు నన్ను చూసి తలలు తిప్పేసుకున్నారు. ఆ రోజు ఇటువాళ్ళే మాతో మాట్లాడారు, అటువాళ్ళు పలకలేదు. తిరిగొచ్చేటప్పుడు కారులో ఆవిడ నన్ను దులిపేశారు. ఎక్కడ కూర్చున్నావో అదే నీ పార్టీ, నోటితో ఇంకేం చెప్పినా వినరు, అన్నారు. వయసులో ఉన్నప్పుడు ఆవిడా ఇలాగే ఒక ఇంట్లో నులకమంచం మీద కూర్చున్నారట. "మజ్జిగ కూడా తాగలా. ఉత్తినే కూచున్నా. ఆ పూటతో రెండో పక్కోళ్ళు నోరు తెరవలా. ఊరు మొత్తం పోయింది నాకు." ఆ తర్వాతే ఈ స్టూలు కొన్నారు.

అల్యూమినియం కాళ్ళు, వెలిసిపోయిన ఆకుపచ్చ క్యాన్వాసు గుడ్డ. ఊరి మొదట్లో కారు దిగి దాన్ని చంకలో పెట్టుకుని నడిచేవారు. నడుస్తూ తలుపుల వంక చూసేవారు, ఏ ఇంటికి తాళం ఉంది, ఆ తాళం ఎంత తుప్పు పట్టింది అని. సరిగ్గా వీధి నడుమ స్టూలు వేసి, చీర కొంగుతో దాన్ని ఒకసారి దులిపి, కూర్చునేవారు. తన స్టూలే, తనే దులిపేవారు! ట్రాక్టరు వస్తే లేచేవారు, పోగానే మళ్ళీ వేసేవారు. నీళ్ళు కూడా తన సీసాలోవే. ఎవరి అరుగూ ఎక్కరు, ఎవరి గడపా తొక్కరు. మొదట్లో పిల్లలు నవ్వారు. తర్వాత్తర్వాత రెండు పక్కలవాళ్ళూ వచ్చి ఆవిడ ముందు గొంతుక్కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టారు. ఒకరు లేచి వెళ్ళాకే రెండోవాళ్ళు వచ్చేవారు.

ఒకసారి గుంటూరులో సెమినార్‌కి పిలిస్తే వెళ్ళాం. ఒక పెద్దమనిషి తెర మీద రంగురంగుల బొమ్మలు వేసి, ఏ జిల్లాలో ఎంత శాతం ఓటింగు జరిగిందో గంటసేపు చెప్పాడు. ప్రజాస్వామ్యం వేళ్ళూనుకుందన్నాడు. చప్పట్లయ్యాక ఆవిడ వెనక వరసలోంచి లేచారు. "ఓడిపోయినాయన ఆ రాత్రి ఎక్కడ పడుకున్నాడండీ?" అని అడిగారు. హాలంతా నవ్వు. ఆవిడ నవ్వలేదు, కూర్చోలేదు. నవ్వు ఆగేదాకా ఆగి మళ్ళీ అదే అడిగారు. బంగ్లాదేశ్‌లో పడవలో పడుకున్నవాణ్ణి చూశాను, నేపాల్లో సరిహద్దు దాటి అత్తగారి ఊరు పోయినవాణ్ణి చూశాను, మా పల్నాడులో పక్క మండలంలో చుట్టాలింటికి పోతాడు, తన ఇంట్లో పడుకోగలిగితేనే అది ఎన్నిక, అన్నారు. ఆ పెద్దమనిషి నీళ్ళు తాగాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర మా బల్లకి ఎవరూ రాలేదు.

ఆ మాచర్ల వైపు ఊళ్ళో ఒక పక్కకి పెద్ద కోటేశ్వరరావు. అతని పార్టీ గెలిచిన ఏడు, ఓడిన పార్టీలో కొన్ని కుటుంబాలు ఊరు విడిచిపెట్టాయి. వాళ్ళలో సాంబయ్య ఒకడు. భార్య నాగమణి అక్కగారిది ముప్పాళ్ళ. అక్కడ తలదాచుకున్నారు. మేడమ్ వాళ్ళని చూడటానికి వెళ్ళారు, స్టూలు వాకిట్లో వేశారు, అడగాల్సినవన్నీ అడిగారు. సాంబయ్య తల దించుకునే జవాబులు చెప్పాడు. ఊళ్ళో అతని మిరపచేను పండి ఉంది. కోతకి కూలీలు రామంటున్నారు, వస్తే కోటేశ్వరరావు మనుషులు ఊరుకోరని. కాయ నేల రాలుతోంది. కౌలు, ఎరువులు, అన్నీ అందులోనే ఉన్నాయి. ఎస్‌ఐ మాత్రం రండి, మేం చూసుకుంటాం అన్నాడట.

మేడమ్ లేవబోతుంటే నాగమణి అడ్డం వచ్చింది.

"అమ్మా, రేపు పోదామనుకుంటన్నాం. మీరు మాతో వస్తారా? మీరుంటే చెయ్యి చేసుకోరు."

"నేను రాగూడదమ్మా. నేను చూసేదాన్నే. ఒక పక్క నిలబడితే నా పని పోద్ది."

"పుస్తకంలో మమ్మల్ని రాస్తారంటగా? ఇంటికాడ లేనోళ్ళం, పుస్తకంలో ఉండి ఏం చేసుకుంటాం?"

నాగమణి కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. మేడమ్ స్టూలు మడిచారు. నరసరావుపేట వచ్చేదాకా వేరుశెనక్కాయల పొట్లం ఒళ్ళో అట్లాగే ఉంది. లాడ్జి ముందు కారు ఆపాక, "పొద్దున్నే రా. వాళ్ళని ఎక్కించుకుని పోదాం" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళ కష్టం, రెండు పక్కలా సంపాదించిన నమ్మకం, ఒక్క పూటలో పోతుంది. "మేడమ్, మీ పుస్తకం సగం పోతుంది" అన్నాను.

"సగమెందుకు పోద్ది? మొత్తం పోద్ది. ఒక పక్క మాటే విన్న పుస్తకం పొట్లాలు కట్టుకోను పనికొస్తది." అని కారు దిగి వెళ్ళిపోయారు.

మర్నాడు వెనక సీట్లో సాంబయ్య, నాగమణి. ముందు మేడమ్. నకరికల్లు దాటాక పోలీసు జీపు మా వెనకే వచ్చి, ఊరి మొదట్లో ఆగిపోయింది. లోపలికి రాలేదు. కానిస్టేబులు దిగి సిగరెట్ వెలిగించుకోవడం అద్దంలో కనబడింది.

కోటేశ్వరరావు తన పక్క హోటలు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చుట్టూ మనుషులు. ఒకరూ లేవలేదు, ఒకరూ అరవలేదు. ఆ ఊళ్ళో పద్ధతి ఒకటుంది. ఓడి వెళ్ళినవాడు తిరిగి రావాలంటే ముందు గెలిచినవాడి ఇంటికి వెళ్ళి కనబడాలి. కనబడితే ఇక ఏ గొడవా ఉండదు. కాకపోతే ఆ తర్వాత జన్మంతా కనబడుతూనే ఉండాలి. సాంబయ్య కారు దిగి తన ఇంటివైపు తిరిగాడు.

"ఏందిరా సాంబయ్యా, దారి మర్చిపోయావా? మా ఇల్లు ఇటు" అన్నాడు కోటేశ్వరరావు.

సాంబయ్య ఆగిపోయాడు. వెనక్కీ తిరగలేదు, ముందుకీ నడవలేదు. హోటల్లో పాలు పొంగుతున్న చప్పుడు వినబడుతోంది. కోటేశ్వరరావు మేడమ్ వైపు చూసి మర్యాదగా నవ్వాడు.

"రండి మేడమ్ గారూ. స్టూలేది? ఒరేయ్, మేడమ్ గారికి నీడపట్టున చోటు చూడండ్రా."

"స్టూలు డిక్కీలో ఉంది కోటేశ్వర్రావ్. ఇయ్యాళ దింపను."

ఆవిడ వీధి దాటారు. సాంబయ్య ఇంటి అరుగు మీద నెలల దుమ్ము. కొంగుతో దులపలేదు కూడా. ఎక్కి కూర్చున్నారు. వీధిలో అందరి కళ్ళూ ఆ అరుగు మీదే ఉన్నాయి. నాకైతే ఆ క్షణాన ఆవిడ మీద పట్టరాని కోపం వచ్చింది, ఆ వెంటనే కళ్ళలో నీళ్ళొచ్చాయి.

కోటేశ్వరరావు నవ్వు పోయింది. "మీరు కూచుంది ఎవురి అరుగో తెలుసా మేడమ్?"

"తెలిసే కూచున్నా. ఊళ్ళోకి రాలేనోడి అరుగు. నీ అరుగు మీద కూచునే రోజు రాగూడదని కోరుకుంటన్నా."

తాళంలో ఎవరో ఇసుక పోశారు. తాళంచెవి దిగలేదు. నాగమణి రాయి తీసుకుని తాళం పగలగొట్టింది. ఒక్కో దెబ్బకీ నేను ఉలిక్కిపడ్డాను. తర్వాత ఆమె చీపురు పట్టుకుని ఇల్లు ఊడవసాగింది. నీళ్ళ పైపు కోసేసి ఉంది. చుట్టుపక్కల ఒక్క ఇల్లూ చెంబెడు నీళ్ళు ఇవ్వలేదు. కారులో సీసా ఉంది, తెస్తానంటే మేడమ్ వద్దన్నారు. ఈ ఇంట్లో నీళ్ళు వచ్చినప్పుడే తాగుతాను అన్నారు. మధ్యాహ్నం ఇంటి రేకుల మీద ఒక రాయి పడింది. ఆవిడ తల ఎత్తలేదు. సాయంత్రానికి ఏమనుకున్నాడో ఎస్‌ఐ జీపు తెచ్చి ఆ ఇంటి ముందే పెట్టాడు. సాంబయ్య ఉండిపోయాడు. వారం తిరక్కుండా కూలీలు చేలోకి దిగారు.

మేడమ్‌కి మాత్రం ఆ ఊళ్ళో పని పోయింది. తర్వాత వెళ్తే కోటేశ్వరరావు పక్కవాళ్ళు స్టూలు చుట్టూ తిరిగి నడిచారు, వీధిలో అక్కడేదో గొయ్యి ఉన్నట్టు. సాంబయ్య పక్కవాళ్ళు కుర్చీలు వేసి, దండలు తెచ్చారు. ఆవిడకి అదింకా అసహ్యం. దండలు చూసి వచ్చిన దారినే తిరిగి వచ్చేశారు. పుస్తకం ఆగిపోయింది. పరిశోధకురాలు తటస్థత పోగొట్టుకుందని ఢిల్లీలో ఎవరో పెద్దలు అన్నారట. నేను ఫోన్లో ఆవేశపడితే, "వాళ్ళన్నది నిజమే గదయ్యా, నువ్వెందుకు ఎగురుతావు?" అన్నారు. స్టూలు నా డిక్కీలోనే వదిలి వెళ్ళారు. మళ్ళీ ఆ ఊరు రాలేదు. ఫోన్లు మాత్రం మానలేదు.

మొన్నటి ఎన్నికల్లో అంతా తిరగబడింది. సాంబయ్య పార్టీ గెలిచింది. ఊళ్ళో ఆ పక్కకి ఇప్పుడు అతనే పెద్ద. మర్నాడు పొద్దున్నే ఫోన్ మోగింది. ఆవిడ గొంతు బాగా పీలగా ఉంది. ఆస్పత్రిలో ఉన్నారని అప్పుడే తెలిసింది.

"ఓడిపోయినాయన ఎక్కడ పడుకున్నాడయ్యా?"

"నకరికల్లులో మేడమ్. బావమరిది ఇంట్లో. కుటుంబమంతా వచ్చేశారు."

ఆవిడ గొంతు సవరించుకున్నారు.

"స్టూలు డిక్కీలోనే ఉందా?"

"ఉంది."

"ఉండనీ. దింపబాకు. ఈళ్ళు నన్ను పంపగానే వస్తన్నా. కోటేశ్వర్రావుకి చెప్పు."

నకరికల్లు వెళ్ళి చెప్పాను. కోటేశ్వరరావు బాగా వడిలిపోయి ఉన్నాడు. ఊళ్ళో గొడ్లని ఎవరు చూస్తున్నారో కూడా తెలియదన్నాడు. మేడమ్ మాట చెప్పగానే మొహం ఎర్రబడింది. "ఆమె వచ్చి నా అరుగెక్కితే నేను తల దించుకున్నట్టే. సాంబయ్య ముందర నాకు ఆ గతి పట్టలా. రావొద్దని చెప్పు" అన్నాడు.

అదే చెప్పాను ఫోన్లో. "వద్దంటే వద్దనమను. నేను కూచునేది అరుగు మీద, ఆయన నెత్తి మీద కాదు గదా. సోమారం బయల్దేరతన్నా" అన్నారు. ఆ సోమవారం రాకముందే పోయారు.

నాగమణికి ఫోన్ చేసి, ఆవిడ పోయారనీ, కోటేశ్వరరావు అరుగెక్కాలనుకున్నారనీ చెప్పాను. కోటేశ్వరరావుకి ఆ కబురు కూడా నేనే చెప్పాల్సి వచ్చింది. విని, తువ్వాలు భుజం మార్చుకున్నాడు.

"ఎప్పుడొస్తానంది?"

"సోమవారం."

"అయితే సోమారమే పోదాం. నీ కారులో."

వెళ్ళాం. వెనక సీటు ఖాళీ, అతను నా పక్కనే కూర్చున్నాడు. ఆవిడ కూర్చున్న చోటే. జీపు ఈసారీ వెనకే వచ్చింది, ఈసారీ ఊరి మొదట్లోనే ఆగింది. ఇప్పుడు ఎదురు హోటలు ముందు ప్లాస్టిక్ కుర్చీ. అందులో సాంబయ్య. చుట్టూ మనుషులు, కొందరి చేతుల్లో కర్రలు కూడా ఉన్నాయి. కోటేశ్వరరావు దిగి తన ఇంటివైపు నడిచాడు.

"ఏందిరా కోటేశ్వర్రావ్, దారి మర్చిపోయావా?" అన్నాడు సాంబయ్య. "మా ఇల్లు ఇటు."

నా చెవులు నేను నమ్మలేదు. ఒక్క అక్షరం మారలేదు. ఆ రోజు వీధిలో తల దించుకుని నిలబడ్డ మనిషేనా ఇతను! మేడమ్ ఎండలో గుక్కెడు నీళ్ళు లేకుండా కూర్చుంది వీడి కోసమా అనిపించింది. కోటేశ్వరరావు అదే చోట, అదే తీరున ఆగిపోయాడు. కర్రలు పట్టుకున్నవాళ్ళు రెండడుగులు ముందుకు వచ్చారు. ఏమైతే అయిందని నేను కోటేశ్వరరావు అరుగు వైపు కదిలాను.

నాకంటే ముందే నాగమణి వచ్చింది. తన ఇంట్లోంచి బిందెడు నీళ్ళు చంకన పెట్టుకుని, వీధి అడ్డంగా దాటి, కోటేశ్వరరావు అరుగెక్కి, బిందె దించి, దాని పక్కన కూర్చుంది.

సాంబయ్య కుర్చీలోంచి లేచాడు. "ఏమే! ఎవురి అరుగే అది? దిగు!"

"తెలిసే కూచున్నా."

"దిగుతావా, కిందకి లాగమంటావా?"

"లాగు. అందరూ చూస్తన్నారుగా." మనిషి కదల్లేదు. "ఆ పెద్దామె కూచుంటానన్న చోటు ఇది. ఆమె లేదు. నేను కూచున్నా. ఆ రోజు మనింటికి నీళ్ళిచ్చినోళ్ళు లేరు. నాకు గుర్తుంది. నువ్వే మర్చిపోయావు."

సాంబయ్య ఒక అడుగు వేసి ఆగాడు. భార్యని వీధిలో లాగితే తన పక్కవాళ్ళే ఏమంటారో అతనికి తెలుసు. కర్రలవాళ్ళు అతని మొహం చూశారు, అతను ఎవరి మొహమూ చూడలేదు. "తాళం తియ్ అన్నా" అంది నాగమణి. కోటేశ్వరరావు తాళంచెవి తాళం మీద గీరుకుంటూ చాలాసేపటికి గానీ కన్నంలో పడలేదు. ఆ చప్పుడు నాకు ఇంకా వినబడుతోంది.

నేను బయల్దేరేటప్పటికి కూడా ఆమె అరుగు దిగలేదు. సాంబయ్య కుర్చీ ఖాళీగా ఉంది. అతను ఎటు వెళ్ళాడో తెలియదు. ఆ రాత్రి తెల్లారేలోపు ఏమైనా జరగొచ్చు. ఇంటికొచ్చి అన్నం సహించక పడుకున్నాను, నిద్ర పట్టలేదు.

పొద్దున్నే ఫోన్ మోగింది. ఆ వేళకి ఫోన్ చేసే మనిషి ఒక్కరే కదా. ఆ అలవాటు కొద్దీ, "చెప్పండి మేడమ్" అనేశాను.

"నేను అన్నయ్యా, నాగమణిని" అంది అవతలి గొంతు. "మా ఆయన నాతో మాట్టాడటంలా. పోనీలే. ఎవురికి చెప్పాలో తెలీక నీకు చేశా. కోటేశ్వర్రావు ఇంట్లోనే పడుకున్నాడు."